నమిలి ఎంచిన గోధుమ: కెనడా ప్రెయిరీల్లో మార్క్విస్ రకం

కెనడాలోని రెజైనా ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళ వంటగదిలో రెండు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో అక్కడి కొట్టులో విడిగా తూచి అమ్మే ఎర్ర గోధుమలు, బ్రెడ్డుకి వాడేవి. రెండోదాంట్లో కేకులకి వాడే తెల్ల గోధుమలు. ముందు ఎర్రవి ఓ పన్నెండు గింజలు నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాను. మొదట నూకలా తగిలింది, తర్వాత మెత్తబడింది, ఆ తర్వాత పిండంతా పాలలా కరిగి గొంతులోకి దిగిపోయింది. రెండు మూడు నిమిషాలకి నాలిక మీద చిన్న జిగురు ముద్ద మిగిలింది. బయటికి తీసి రెండు వేళ్ళతో లాగితే సాగింది, వదిలితే వెనక్కి ముడుచుకుంది. తెల్లవి కూడా అలాగే నమిలాను. ముద్ద కుదరలేదు, లాగగానే తెగి వేళ్ళకి అంటుకుపోయింది.

మా అల్లుడు కాసేపు చూసి, "మామయ్యగారూ, టీ పెట్టమంటారా?" అన్నాడు. పాపం, మర్యాదకి ఇంకేం అడగలేక.

నేను ముప్పై ఏళ్ళకి పైగా గోదావరి డెల్టాలో వరి రకాల మీద పనిచేశాను. గోధుమ నా పంట కాదు. అయినా రకాల పని నేర్చుకునే పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పే కేసు మాత్రం గోధుమదే. 1904లో ఒట్టావాలో చార్లెస్ సాండర్స్ అని ఒకాయన సరిగ్గా ఇలాగే గింజలు నమిలి ఒక రకాన్ని ఎంచాడు. పదహారేళ్ళు తిరిగేసరికి కెనడా ప్రెయిరీల్లో, అంటే పశ్చిమాన ఉన్న గడ్డి మైదానాల్లో, వేసే గోధుమలో దాదాపు 90 శాతం అదే అయింది. దాని పేరు మార్క్విస్. మా వృత్తిలో పేరంతా సంకరం చేసినవాడికి వెళ్తుంది. ఫలానా తల్లి, ఫలానా తండ్రి అని రాసుకుంటాం, ఎవరు ఎంచారన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మార్క్విస్‌కి సంకరం జరిగింది 1892లో. రకంగా పుట్టింది 1904లో. మధ్యలోని పన్నెండేళ్ళే ఈ కేసులో నాకు అసలు విషయం.

నేల, చలి, రెడ్ ఫైఫ్

రెజైనా నుంచి తూర్పుగా కారులో ముప్పావు గంట పోతే ఇండియన్ హెడ్ అనే చిన్న ఊరు. మార్క్విస్‌ని పొలంలో పరీక్షించిన ప్రయోగ క్షేత్రం అక్కడిదే. పేరు చూడగానే మనవాళ్ళకి ఏదో చుట్టరికం తోస్తుంది కానీ ఆ ఇండియన్లు మనం కాదు. అది క్రీ, సోటో అనే అక్కడి ఆదిమ జాతుల నేల. 1874లో ప్రభుత్వంతో నాలుగో నంబరు ఒప్పందం మీద సంతకాలయ్యాక, అడవి దున్నల మందలు కనుమరుగయ్యాక, ఆ జాతుల్ని రిజర్వులకి పరిమితం చేశాక, ఆ నేల వలస రైతులకి పంచిపెట్టడానికి తెరుచుకుంది. రైలు 1885లో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి కలిసింది. గోధుమ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఖాళీ నేలతో మొదలుపెడతారు. అది ఖాళీ నేల కాదు.

కోనసీమలో పెరిగిన నాకు ఆ బయలు చూస్తే మొదట కొంచెం భయమేసింది. కొబ్బరిచెట్టు మాట అటుంచి, నీడకి నిలబడదామంటే అసలు చెట్టే లేదు. ఏడాది వాన 400 మిల్లీమీటర్లకి కాస్త అటూఇటూ, అంటే మన అనంతపురం కన్నా తక్కువ. ఇంకో ఇబ్బంది చలికాలం. మంచు కరిగి నేల కాస్త వెచ్చబడి విత్తనం వేసేసరికి మే వస్తుంది. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో ఒక రాత్రి హఠాత్తుగా గడ్డకట్టే చలి పడుతుంది. అక్కడివాళ్ళు ఫ్రాస్ట్ అంటారు. తెల్లారేసరికి ఆకుల మీద తెల్లటి పొర, ఎండెక్కేసరికి అదంతా నల్లబడిన ఆకు. గింజ ఇంకా పాలు పోసుకునే దశలోనో పిండి గట్టిపడే దశలోనో ఉంటే అంతే. ముడుచుకుపోయి పచ్చగా, తాలుగా మిగులుతుంది. కంకి నిండా గింజలున్నా మిల్లువాడు ముట్టుకోడు.

కోతకి వారం ముందు నవంబరు తుఫాను పడితే మన డెల్టా రైతు పరిస్థితి ఏమిటో 1996లో కోనసీమలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడి రైతుకి ఆ టెన్షన్ ప్రతి ఏడూ, అది కూడా ఒక్క రాత్రి మీద.

అప్పట్లో అక్కడ వేసే రకం రెడ్ ఫైఫ్. దానికీ ఒక కథ ఉంది. ఒంటారియోలో పీటర్‌బరో దగ్గర డేవిడ్ ఫైఫ్ అనే రైతుకి 1842 ప్రాంతంలో గ్లాస్గోలోని స్నేహితుడు కాసిన్ని గోధుమలు పంపాడు. అవి బాల్టిక్ తీరంలోని డాన్‌జిగ్ నుంచి వచ్చిన ఓడలోవి. వసంతంలో విత్తితే ఒకే మొక్క కంకులు వేసి పండింది. ఆ కంకుల్ని కూడా ఆవు మేయబోతుంటే ఫైఫ్ భార్య అదిలించి కాపాడిందంటారు. ఆవు సంగతి నేను పూచీ పడను గానీ, ఆ ఒక్క మొక్క పిల్లలే ఒంటారియో దాటి మానిటోబా దాకా వెళ్ళాయి. అసలు పుట్టిల్లు ఇప్పటి ఉక్రెయిన్ వైపు గెలీషియా అని తర్వాత తేలింది. 1876లో మానిటోబా నుంచి బయటికి పోయిన మొదటి గోధుమ లోడు రెడ్ ఫైఫే. 857 బుషెళ్ళు, అంటే సుమారు 23 టన్నులు. అదీ తినడానికి కాదు, ఒంటారియోలో విత్తనానికి.

రెడ్ ఫైఫ్ గింజ ఎర్రగా, రాయిలా ఉంటుంది. పాత తిరుగలి రాళ్ళ మధ్య అలాంటి గింజ వేస్తే తౌడు ముక్కలై పిండిలో కలిసి పిండి మచ్చలు మచ్చలుగా వచ్చేది. 1870ల్లో అమెరికా మిల్లుల్లో తౌడు విడదీసే యంత్రాలు, ఆ వెంటే ఉక్కు రోలర్లు వచ్చాయి. దాంతో గట్టి గోధుమ జాతకం తిరిగిపోయింది. బ్రిటన్‌లో పండే మెత్తటి గోధుమతో బ్రెడ్ సరిగ్గా పొంగదు. అందులో కలపడానికి అక్కడి మిల్లర్లు మానిటోబా గట్టి గోధుమని ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళు. కాబట్టి ప్రెయిరీ రైతుకి కావలసింది ఉత్త తొందరగా పండే గోధుమ కాదు, రెడ్ ఫైఫ్ పిండి ఇస్తూనే దాని కన్నా వారం పది రోజులు ముందు పండేది. ఈ రెండు షరతులూ ఒక్క గింజలో కలవడమే కష్టం.

తండ్రి: తెప్పించి, కలిపి

1886లో కెనడా పార్లమెంటు చట్టం చేసి ఐదు ప్రయోగ క్షేత్రాలకి దారి వేసింది. ఒట్టావాలో ప్రధాన క్షేత్రం, నోవా స్కోషియాలో నాపన్, మానిటోబాలో బ్రాండన్, ఇండియన్ హెడ్, బ్రిటిష్ కొలంబియాలో అగసీ. వీటన్నిటికీ తొలి డైరెక్టర్ చార్లెస్ తండ్రి విలియం సాండర్స్. చదువుకున్నది మందుల తయారీ, నడిపింది మందుల షాపు, పిచ్చి మాత్రం పురుగుల మీద, పండ్ల మొక్కల మీద.

ఆయన మొదట చేసింది మనమందరం మొదట చేసేదే. సిద్ధంగా ఎక్కడైనా దొరుకుతుందేమో చూశాడు. చలిదేశంలో పండేది తెస్తే సరిపోతుందని రష్యాలోని లాడోగా సరస్సు వైపు పండే గోధుమ 1887లో తెప్పించాడు. లాడోగా మాట తప్పలేదు, రెడ్ ఫైఫ్ కన్నా ముందే పండింది. రైతులు సంతోషించారు. తీరా మిల్లు ఆడించి బ్రెడ్ కాల్చాక పిండి పసుపు, రొట్టె నాసి. ఈ ఒక్క ఎదురుదెబ్బకి సాండర్స్ కుటుంబం జీవితాంతం రుణపడి ఉండాలి. పొలంలో గెలిచినది పొయ్యి మీద ఓడిపోవచ్చని వాళ్ళకి మొదట్లోనే తెలిసొచ్చింది.

ఆ తర్వాత సంకరాలు. లాడోగాని రెడ్ ఫైఫ్‌తో కలిపితే ప్రెస్టన్, స్టాన్లీ లాంటివి వచ్చాయి, కొంతకాలం వేశారు కూడా. ఇంకో జత హార్డ్ రెడ్ కలకత్తా తల్లిగా, రెడ్ ఫైఫ్ తండ్రిగా. ఈ కలకత్తా అన్నది పొలం పేరు కాదు, ఓడరేవు పేరు. మన ఉత్తరాది గోధుమ ఎక్కడెక్కడిదో కలకత్తా రేవులో పోగుపడి ఆ వ్యాపారం పేరుతో లోకమంతా తిరిగింది. పొట్టిగా ఉండేది, దిగుబడి అంతంతమాత్రం, కానీ చాలా తొందరగా పండేది. కెనడా ప్రెయిరీలని నింపిన గోధుమకి తల్లి మన దేశపుదని చెబితే మా అల్లుడు నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకున్నాడు.

చేత్తో సంకరం చేసింది విలియం కొడుకుల్లో ఒకడైన పెర్సీ. గోధుమ పువ్వు కన్నా చిన్న పని ఇంకోటి ఉండదు. కంకి ఇంకా విచ్చుకోక ముందే ఊకల మధ్య పట్టకారు దూర్చి మూడు పుప్పొడి తిత్తులూ తీసేయాలి, కాగితం సంచీ తొడగాలి, రెండు మూడు రోజులాగి తండ్రి పుప్పొడి అద్దాలి. వరిలో నేను అదే పని కొన్ని వేల పువ్వులకి చేశాను. పది పువ్వులకి చేస్తే నాలుగు గింజలు నిలిస్తే ఆ రోజు పండగ. 1892లో పెర్సీ చేసిన పని అది. తర్వాత ఆయన అమెరికాలో రసాయన శాస్త్రం ప్రొఫెసరయ్యాడు, పియోనీ పూల సంకరాల్లో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. మార్క్విస్ గురించి అడిగితే ఏమనేవాడో గానీ, పూలవాళ్ళలో ఆయన పేరు తెలియనివాడు లేడు.

ఇక్కడ రికార్డు గురించి ఒక మాట. ఈ సంకరం గురించి తర్వాత రాసిన అన్న చార్లెస్, అది "బహుశా" అగసీ క్షేత్రంలో జరిగిందని రాశాడు. సొంత తమ్ముడు చేసిన పని, తండ్రి డైరెక్టర్, అయినా నోట్‌బుక్కులో చోటు గట్టిగా లేదు. ఫీల్డు పుస్తకం సాయంత్రం రాద్దామనుకునే కుర్రాళ్ళకి ఈ "బహుశా" చదివి వినిపిస్తుంటాను.

సంకరం సంతానం ఒట్టావాలో మార్కమ్ అనే పేరుతో ఉండిపోయింది. కొంత ఏరారు, కొంత వదిలేశారు. మొత్తంగా చూస్తే కేళీల గుంపు, అంటే ఒకదానితో ఒకటి కలవని మొక్కల కలగలుపు. దాన్ని రకమని రైతుకి ఇచ్చే స్థితి లేదు.

కొడుకు: విడదీసి, నమిలి

1903లో ధాన్యాల విభాగం బాధ్యత చార్లెస్ సాండర్స్‌కి వచ్చింది. ఆయనకి అప్పటికే ముప్పై అయిదేళ్ళు దాటాయి. జాన్స్ హాప్‌కిన్స్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు గానీ మనసంతా సంగీతం మీద. వేణువు వాయించేవాడు, టొరంటోలో పాట పాఠాలు చెప్పుకుని బతికాడు. తండ్రి బలవంతం మీదే గోధుమల్లోకి వచ్చాడు. మనిషి ఆరోగ్యం కూడా అంతంతే. ఇంటర్వ్యూ బోర్డులో నేను కూర్చుని ఉంటే తీసుకునేవాణ్ణి కాదేమో.

వచ్చీ రాగానే ఆయన కొత్త సంకరాలకి ఎగబడలేదు. తండ్రి కాలం నుంచి పోగైన పాత సంకరాల సంతానమంతా ముందు వేసుకుని, ఒక్కొక్క కంకినీ విడదీసి, ఒక్కో కంకి గింజలు ఒక్కో చోట విత్తించాడు. దీన్నే మేం కంకి వరసలు అంటాం. ఆ 1903లోనే డెన్మార్క్‌లో యోహాన్సెన్ స్వచ్ఛ వరసల సిద్ధాంతం (తన పుప్పొడి తానే వాడుకునే ఒక్క మొక్క సంతానమంతా ఒకే తీరుగా ఉంటుందన్నది) ప్రచురించాడు, మెండెల్ వంశపారంపర్య సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చి మూడేళ్ళు. కానీ చార్లెస్ పనిలో సిద్ధాంతం కన్నా పట్టుదల ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఇక్కడ కాస్త ఆగాలి. మార్కమ్ గుంపు అలా పదేళ్ళు పడి ఉండటం అందరూ నిర్లక్ష్యమనే అనుకుంటారు. నాకు అది అదృష్టంగా కనిపిస్తుంది. గోధుమ, వరిలాగే, తన పుప్పొడి తానే వాడుకునే పంట. సంకరం తర్వాత తరతరానికీ మొక్కలోని మిశ్రమం సగానికి సగం తగ్గుతూ పోతుంది. పది తరాలు గడిచేసరికి ఏ జన్యు స్థానంలో చూసినా మిశ్రమం మిగిలేది వెయ్యింటికి ఒకటి రెండు పాళ్ళే. అంటే 1903లో చార్లెస్ చేతికి వచ్చింది చూడటానికి కలగాపులగమే గానీ అందులో ఒక్కో మొక్కా ఇంచుమించు స్థిరపడిపోయింది. ఇంక అది పిల్లల్ని తనలాగే కంటుంది. రెండో తరంలోనే ఆత్రపడి కంకులు ఎంచితే తర్వాతి ఏడాది మళ్ళీ విడిపోయి చేతికి చిక్కేవి కావు. తర్వాతి రోజుల్లో మా వృత్తిలో గుంపు పద్ధతి అని పేరు పెట్టి కావాలనే చేసిన పని ఇక్కడ ఎవరూ పట్టించుకోక జరిగింది.

మార్కమ్ గుంపు విషయంలో చార్లెస్ కనిపెట్టింది ఏమిటంటే, ఆ మొక్కలు పైకి చాలావరకు ఒక్కలాగే ఉన్నాయి, కానీ జిగురు గుణంలో ఒకదానికొకటి పొంతన లేదు. ఆ తేడా ఆయనకి కంటికి దొరకలేదు, నోటికి దొరికింది. ఒక్కో మొక్క నుంచి కాసిన్ని గింజలు నమిలి, మిగిలిన ముద్ద ఎంత సాగుతుందో, ఎంత బలంగా వెనక్కి లాగుతుందో చూసేవాడు. గోధుమ పిండిలోని ఆ మాంసకృత్తుల జిగురే రొట్టెలో గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది. జిగురు బలంగా ఉంటే రొట్టె పొంగుతుంది. మొక్కకి దొరికేది గుప్పెడు గింజలు. మిల్లుకి వేద్దామంటే చాలవు, విత్తడానికి దాచాలి. పన్నెండు గింజలతో పరీక్ష తేలిపోయి మిగతావి మడికి వెళ్ళాలంటే నోరు కన్నా చవక మిల్లు లేదు.

ఇది చదివినప్పుడల్లా నాకు నా తప్పు గుర్తొస్తుంది. ఒక ఏడాది ముందు తరాల వరి లైన్లలో పక్కపక్క వరసలు రెండు. ఎత్తు ఒకటే, వెన్ను ఒకటే, గింజ సన్నం ఒకటే, పూత కూడా ఒక్క రోజే. విత్తనం చాలదని రెండూ కలిపి కోయించేశాను. పుస్తకంలో ఒకటే నంబరు. రెండో ఏడాది బియ్యం ఇంటికి తెచ్చి వండిస్తే అన్నం కొన్ని మెతుకులు విడివిడిగా, కొన్ని ముద్దగా. మా ఆవిడ గరిటె పట్టుకుని, "ఏమండీ, ఇందులో రెండు బియ్యాలు కలిపారా?" అంది. మూడు సీజన్ల పని ఆ గరిటెతో పోయింది. అప్పటి నుంచి ఒక్కో లైను బియ్యం విడిగా చిన్న గిన్నెల్లో వండించకుండా ఏ రెండూ కలపలేదు. కన్ను మోసపోయిన చోట నాలిక మోసపోదని చార్లెస్ ఎనభై ఏళ్ళ ముందే తెలుసుకున్నాడు, నేను ఆవిడ చేత చెప్పించుకున్నాను.

మార్కమ్ గుంపు నుంచి 1904లో విడదీసిన ఒక వరసకే తర్వాత మార్క్విస్ అని పేరు పెట్టారు. చార్లెస్ నోటి పరీక్షతో ఆగిపోలేదు. గింజ కాస్త పోగయ్యాక, 1907 తొలి నెలల్లో ఒట్టావాలోనే చిన్న మిల్లులో ఆడించి, చిన్న చిన్న రొట్టెలు కాల్చి చూశాడు. పిండి రంగు, పొంగు రెండూ రెడ్ ఫైఫ్‌కి తీసిపోలేదు. నమిలి చెప్పిన మాటే పొయ్యి కూడా చెప్పింది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే బిహార్‌లోని పూసాలో ఆల్బర్ట్ హోవార్డ్, గాబ్రియెల్ హోవార్డ్ దంపతులు మన గోధుమల్ని ఇలాగే మొక్క మొక్కగా విడదీస్తున్నారు. పూసా 4, పూసా 12 అక్కడివే. గింజలు ఇంగ్లండు పంపి మిల్లు ఆడించి రొట్టె కాల్పించి, మన నేలలో కూడా బలమైన గోధుమ పండుతుందని చూపించారు. రెండు ఖండాల్లో ఒకేసారి ఒకే పని జరుగుతోంది. వాళ్ళ ముందున్న గింజలకి, ఒట్టావా మడిలోని మార్క్విస్ తల్లికీ దేశం ఒకటే.

పది కిలోల నుంచి

1907 వసంతంలో మిగిలిన విత్తనమంతా, 23 పౌన్లు, ఇండియన్ హెడ్‌కి పంపారు. మన లెక్కలో పదిన్నర కిలోలు, భుజాన వేసుకుని నడిచిపోయేంత సంచీ.

అక్కడ సూపరింటెండెంట్ ఆంగస్ మకే. ఈయన్ని వదిలేసి ఈ కేసు చెప్పడం అన్యాయం. 1885లో మెటీల (ఆదిమ జాతుల, యూరప్ వాళ్ళ మిశ్రమ సంతతి) తిరుగుబాటు మీదికి వెళ్ళిన సైన్యానికి బళ్ళు కట్టడానికి చుట్టుపక్కల రైతుల గుర్రాలు వెళ్ళాయి. విత్తే వేళకి గుర్రాల్లేక కొన్ని పొలాలు బీడు పడ్డాయి. 1886లో ఘోరమైన కరువు. అందరి పంటా మాడిపోయినా ముందటేడు బీడుపెట్టిన పొలాల్లో మాత్రం గోధుమ నిలబడింది. నేల రెండేళ్ళ వాన దాచుకుంది. మకే దాన్ని పద్ధతిగా మార్చి, ఏడాది విడిచి ఏడాది దున్ని బీడు పెట్టించడం రైతులకి అలవాటు చేశాడు. ఆ తర్వాత దుమ్ము తుఫాన్ల కాలంలో ఈ బీడు దున్నకాలే నేల కొట్టుకుపోవడానికి కారణమయ్యాయి, అది వేరే కేసు. ఇక్కడ నేను చెప్పేది, మార్క్విస్ పడింది అలాంటి చేతుల్లో. తడి నిలిచిన నేల సిద్ధంగా ఉంది, చూసే కన్ను ఉంది. ఎంత మంచి రకమైనా చెడ్డ మడిలో వేస్తే చెడ్డ రకమే. రైతులకి పంచే మన మినికిట్లలో, అంటే నమూనా విత్తనం సంచుల్లో, సగం అలాగే పోతాయి.

ఇండియన్ హెడ్‌లో మార్క్విస్ రెడ్ ఫైఫ్ కన్నా ఇంచుమించు వారం నుంచి పది రోజులు ముందు పండింది. గడ్డి కాస్త పొట్టి, పడిపోదు. గింజ రాలదు. దిగుబడి కూడా రెడ్ ఫైఫ్‌ని దాటింది. ఈ ఆఖరి మాట చార్లెస్ కూడా ఊహించలేదు. తొందరగా పండేది తక్కువ పండటం మామూలు, పంటకాలం తగ్గితే గింజ నింపుకునే రోజులూ తగ్గుతాయి కదా. కానీ ప్రెయిరీలో ఆఖరి రోజులు గింజ నింపవు. అప్పటికి తడి ఆరిపోతుంది, తెగులు పడుతుంది, చలి కొడుతుంది. ఆ పది రోజులు తప్పించుకున్న పైరు నింపుకున్నదంతా ఇంటికి తెచ్చుకుంది.

1909 నుంచి చిన్న చిన్న సంచుల్లో రైతులకి నమూనా విత్తనం పంచారు. మన మినికిట్ల లాంటివే. రైతు ఒక మూల వేసుకుంటాడు, తన రకం పక్కన పెట్టి చూసుకుంటాడు, నచ్చితే పక్కింటాయనకి ఓ గోనె అమ్ముతాడు. ఏ ప్రచారమూ అంత వేగంగా పోదు.

పైగా ప్రచారం కూడా దొరికింది. సస్కాచెవాన్‌లో రోస్థర్న్ దగ్గర సీగర్ వీలర్ అనే రైతు ఉండేవాడు. 1911లో న్యూయార్క్‌లో వ్యవసాయ ప్రదర్శన జరిగితే, ఉత్తమ గట్టి గోధుమకి కెనడియన్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు వెయ్యి డాలర్ల బంగారం బహుమతి పెట్టాడు. వీలర్ తన మార్క్విస్ పంపి గెలిచాడు. ఆ తర్వాత కూడా గెలుస్తూ, మొత్తం ఐదుసార్లు ప్రపంచ గోధుమ బహుమతి పట్టుకుపోయాడు. ఆయన కూడా విత్తనం గింజ గింజ ఏరుకునే మనిషి. రైల్వే బహుమతి పెట్టడంలో దాతృత్వమేమీ లేదు. గోధుమ పండితేనే వ్యాగన్లు నిండుతాయి, వ్యాగన్లు నిండుతాయంటేనే రైలు పక్క భూములు అమ్ముడుపోతాయి.

1905లో కొత్తగా ఏర్పడిన సస్కాచెవాన్, ఆల్బర్టా రాష్ట్రాల్లో సాగు ఉత్తరానికి జరిగింది. అంతకు ముందు గోధుమకి అందవనుకున్న చోట్లకి ఆ వారం పది రోజులు దారి ఇచ్చాయి. అమెరికాలో కూడా మిన్నెసోటా, డకోటాల దాకా మార్క్విస్సే.

1916

ఇంతవరకు బాగానే ఉంది. మార్క్విస్‌కి ఒక లోటు మొదటి నుంచీ ఉంది, కాండం తుప్పు తెగులుని తట్టుకోలేదు. తెగులు పెద్దగా లేని ఏడు ముందు పండి తప్పించుకునేది. తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరు. చార్ట్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మోసపోతాం.

1916లో తుప్పు ముందే వచ్చింది. ఈ తెగులు బీజాలు ప్రెయిరీ చలికాలంలో బతకవు. ప్రతి ఏడూ దక్షిణాన మెక్సికో, టెక్సాస్ వైపు నుంచి గాలి మీద పొలం నుంచి పొలానికి దూకుతూ ఉత్తరానికి వస్తాయి. మన దేశంలో కూడా ఇలాంటి దారే ఉంది. నీలగిరి, పళని కొండల్లో ఎండాకాలం దాచుకున్న తుప్పు మధ్య భారతం గోధుమ దాకా పోతుందని మన తెగుళ్ళ శాస్త్రవేత్త కె.సి. మెహతా కనిపెట్టాడు. ఆ ఏడాది ప్రెయిరీలో తడి ఎక్కువ, గాలి అనుకూలం, దారి పొడుగునా ఒకటే రకం. కాండం మీద ఇటుక రంగు పొక్కులు చిట్లి, పొలంలో నడిచి వచ్చిన మనిషి ప్యాంటు ఎర్రబడిపోయేది. గింజ దొంగిలించినట్టు ఖాళీ. పశ్చిమ కెనడాలో ఆ ఒక్క ఏడాది నష్టం సుమారు 10 కోట్ల బుషెళ్ళని అంచనా, 27 లక్షల టన్నులు.

విచిత్రమేమిటంటే ఆ తర్వాత కూడా మార్క్విస్ విస్తీర్ణం తగ్గలేదు. 90 శాతం లెక్క 1920 నాటిది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. మన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఆకు ఎండు తెగులుకీ అగ్గి తెగులుకీ లొంగిపోతుందని తెలియని రైతు ఉన్నాడా? అయినా 1986లో విడుదలైనప్పటి నుంచి దాన్ని పొలం నుంచి కదపగలిగినవాడు లేడు. అన్నం బాగుంటుంది, కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు. తినేవాడి నోటికి పట్టిన రకాన్ని తెగులు ఒక్కటే తీసేయలేదు. మార్క్విస్ తరువాత వచ్చిన రకాలు కూడా ఆ పిండి ఇవ్వకపోతే రైతు దగ్గరికి పోలేని పరిస్థితి.

1925లో విన్నిపెగ్‌లో తుప్పు తెగులు పరిశోధన కోసమే ప్రయోగశాల పెట్టారు. తుప్పు ఒకటి కాదు, అందులో ఎన్నో జాతులున్నాయని, ఒక జాతిని తట్టుకున్న గోధుమ ఇంకో జాతికి పడిపోతుందని మిన్నెసోటాలో స్టాక్‌మన్, కెనడాలో మార్గరెట్ న్యూటన్ లాంటివాళ్ళు తేల్చారు. 1934లో మిన్నెసోటా నుంచి థాచర్ వచ్చింది. దాని వంశం చూస్తే మార్క్విస్ ఒక్కసారి కాదు, రెండుసార్లు ఉంది. ఒక పక్క మార్క్విస్‌ని ఇయుమిల్లో అనే డ్యూరమ్ గోధుమతో, ఇంకో పక్క మార్క్విస్‌నే కాన్‌రెడ్ అనే ఇంకో గోధుమతో కలిపి, ఆ రెండు సంతానాలనీ మళ్ళీ కలిపారు. పిండి మార్క్విస్‌ది, తుప్పుకి కవచం పక్కవాళ్ళది. 1935లో తుప్పు మళ్ళీ విరుచుకుపడినప్పుడు మార్క్విస్ పడిపోయింది, థాచర్ నిలబడింది. కొద్ది ఏళ్ళలోనే ప్రెయిరీ దానిదయింది. 2008లో మన హైదరాబాద్‌లో సాంబ మసూరికి తెగులు తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించి అదే సన్నబియ్యాన్ని తిరిగి ఇచ్చినప్పుడు నాకు థాచరే గుర్తొచ్చింది.

చార్లెస్ ఆరోగ్యం బాగాలేక 1922లోనే ఉద్యోగం వదిలేశాడు. పారిస్ వెళ్ళి ఫ్రెంచి సాహిత్యం చదువుకున్నాడు, ఫ్రెంచిలో వ్యాసాలు, పద్యాలు రాసి పుస్తకం వేశాడు. 1934లో సర్ బిరుదు ఇచ్చారు. 1937లో పోయాడు.

పొలంలో మార్క్విస్ వెళ్ళిపోయాక కూడా ఒక చోట మాత్రం నిలిచిపోయింది. కెనడా ధాన్యం గ్రేడుల నియమాల్లో, పై గ్రేడు ఎర్ర గోధుమ కావాలంటే అది మార్క్విస్‌తో సమానమైన రకం అయి ఉండాలని దశాబ్దాల పాటు రాసుకున్నారు. ఒక్క ఎకరంలో కూడా వేయని రకాన్ని తూకం రాయిలా పక్కన పెట్టి కొత్తవాటిని చూసేవాళ్ళు. ఎంత దిగుబడి ఇచ్చినా పిండిలో దానికి తీసికట్టయితే లైసెన్సు లేదు. ఇండియన్ హెడ్ నుంచి తిరిగి వస్తుంటే మా అల్లుడు కారు ఆపి, రోడ్డు పక్కన కోతకొచ్చిన చేలోంచి ఒక కంకి తెంచి నా చేతిలో పెట్టాడు. ఊక నలిపి, ఊది, సగం నాకు ఇచ్చి సగం తనే నోట్లో వేసుకున్నాడు. రెజైనా దాకా ఇద్దరం మాట్లాడలేదు.